స్టేషన్ బావి: మా మూతపడ్డ స్టేషన్ కొలతల డైరీ

2024 నవంబర్ 10, ఆదివారం

ఇవాళంతా సర్కారు తుమ్మ కొట్టడంతోనే సరిపోయింది. నేను, మా చిన్నాన్న కొడుకు, వాడి స్నేహితులు ఇద్దరు. నాలుగు కొడవళ్ళు, రెండు గొడ్డళ్ళు. పొద్దున ఏడింటికి మొదలుపెడితే ఎండెక్కేసరికి ప్లాట్‌ఫాం అంచు రాయి ఇరవై అడుగుల మేర బయటపడింది. చేతులనిండా ముళ్ళు గుచ్చుకున్నాయి. ఆ రాతి అంచు కనపడగానే నలుగురం దాని మీద వరసగా కూర్చుని, ఒకప్పుడు పట్టాలున్న వైపు కాళ్ళు చాపుకుని ఇంటినుంచి తెచ్చిన ఉగ్గాణి తిన్నాం. ముప్పై ఏళ్ళుగా అక్కడ ఎవరూ అలా కూర్చుని ఉండరు.

ఈ స్టేషన్ పడమటి ప్రకాశంలో, గుంటూరు–గుంతకల్లు పాత మీటర్‌గేజ్ (పట్టాల మధ్య మీటరు ఎడం ఉండే) లైన్ మీద ఉండేది. 1990లలో లైన్‌ను వెడల్పు చేసి బ్రాడ్‌గేజ్‌కు మార్చినప్పుడు ఇక్కడ పట్టాల దారి కొంచెం పక్కకు జరిగింది. కొత్త లైన్ నాలుగు వందల మీటర్ల అవతలనుంచి పోతుంది. మా ఊరికి దాని మీద స్టేషన్ ఇవ్వలేదు. పాత బిల్డింగ్, బావి, కట్ట అలాగే ఉండిపోయాయి. ఊరి పేరు ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఇంకా కొంచెం టేకు, కొంచెం ఇనుము మిగిలి ఉన్నాయి. వాటిని ఎత్తుకుపోయేవాళ్ళకు నేను దారి చూపించదలచుకోలేదు.

మా తాత ఈ సెక్షన్‌లో గ్యాంగ్‌మన్. నేను సివిల్ డిప్లొమా చేసి సైట్ సర్వే పని చేస్తున్నాను. కొలవడం నా చేతిలో ఉన్న పని కాబట్టి, ఈ స్టేషన్‌ను పూర్తిగా కొలిచి ఒక షీటు మీద గీసిపెట్టాలనుకున్నాను. స్థలం ఇప్పటికీ రైల్వేదే. అందుకే ముందు రాతపూర్వకంగా అనుమతి అడిగాను. కాగితం చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది.

తొందర ఎందుకంటే, గుంటూరు–గుంతకల్లు రెండో లైన్ పని జరుగుతోంది. మొత్తం 401 కిలోమీటర్లు, ముక్కలు ముక్కలుగా సాగుతోంది. మట్టి లారీలు ఈ పాత కట్ట మీదుగానే తిరుగుతున్నాయి.

చిన్నప్పటినుంచి నాకొక ప్రశ్న ఉంది. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, చుట్టూ బీడు తప్ప ఏమీ లేని చోట స్టేషన్ ఎందుకు పెట్టారు? మా జేజి నెత్తిన మూట, చంకన పిల్ల పెట్టుకుని ఆ రెండు కిలోమీటర్లు నడిచిన మనిషి. "ఊరి పక్కనే పెట్టుంటే వాళ్ళ సొమ్మేం పోయేది" అని చనిపోయేదాకా అంటూనే ఉంది. ఈ పని అయిపోయేలోపు ఆమె మాటకు జవాబు దొరకాలి.

నవంబర్ 17

బిల్డింగ్ కొలతలు. మీటర్ టేపుతో కొలిస్తే అన్నీ వంకర అంకెలే వచ్చాయి. పొడవు 10.97, వెడల్పు 4.88, గోడ మందం 46 సెంటీమీటర్లు. అరగంట తరువాత టేపు తిప్పి అడుగుల వైపు పెట్టాను. 36 అడుగులు, 16 అడుగులు, 18 అంగుళాలు. అంతే, ప్లాన్ గీసినవాడి మనసు ఒక్కసారిగా తెలిసిపోయింది. ఇకనుంచి అన్నీ అడుగుల్లోనే కొలిచి, పక్కన మీటర్లు రాస్తాను. ప్లాట్‌ఫాం పొడవు ఈ చివరినుంచి ఆ చివరికి 152.6 మీటర్లు, అంటే 500 అడుగులు. అంచురాళ్ళు కొంచెం విచ్చుకోవడం వల్ల ఆ మిగతా జానెడు తేడా వచ్చింది.

గోడలు ఇక్కడి పలకరాయితోనే కట్టారు, సున్నపు గచ్చుతో. కప్పు మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద ఆరు అంగుళాల పొడవు, అంగుళం మందం ఉన్న చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికిస్తూ పోతారు. కింద సెంట్రింగ్ అక్కర్లేదు. ఒక వరస గట్టిపడ్డాక దాని అండతో పక్క వరస నిలబడుతుంది. టికెట్ల గది మీద కప్పు ఇంకా ఉంది. వెయిటింగ్ హాలు మీద మధ్యలో కూలిపోయింది. కూలిన చోట ఇటుకల వరసలు తెగి కనపడుతున్నాయి కాబట్టి కట్టిన పద్ధతి స్పష్టంగా తెలిసింది. ఆ అంచునే ఫొటోలు ఎక్కువ తీశాను.

టికెట్ కిటికీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గోడలో అర్ధచంద్రాకారంలో చిన్న కంత, దాని కింద నల్లరాతి గడప. ఆ రాయి మధ్యలో అరంగుళం మేర అరిగి, అద్దంలా నున్నగా ఉంది. చిల్లర తోసిన చేతులు, టికెట్ అందుకున్న చేతులు దాన్ని అరగదీశాయి. మా తమ్ముడు దాని మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం తియ్యలేదు. గ్రాఫ్ పేపర్ మీద ఆ అరుగుడును సెంటీమీటర్‌కొక పాయింట్ చొప్పున ఎక్కించాను.

నవంబర్ 24

ఇవాళ టేపు ముట్టుకోలేదు. ఈ స్టేషన్‌లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దయ్య దగ్గర కూర్చున్నాను. ఎనభై దాటాయి. చెవులు మందగించాయి కానీ మాట గట్టిది. మా తాత పేరు చెప్పగానే "వాడి మనమడివా" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన చెప్పినదాంట్లో ఎక్కువ భాగం బంతి గురించే. అప్పుడు ఇది సింగిల్ లైన్. రెండు స్టేషన్ల మధ్యకు వెళ్ళే డ్రైవర్ చేతిలో ఒక ఇనుప బంతి ఉండి తీరాలి. దాన్ని నీల్స్ బాల్ టోకెన్ మిషన్ ఇస్తుంది. ఇక్కడొక మిషన్, పక్క స్టేషన్‌లో దానికి జోడీ, మధ్యలో తీగ. అవతలి స్టేషన్ మాస్టర్ ఒప్పుకుంటే తప్ప ఇవతలి మిషన్ బంతిని వదలదు. ఒక బంతి బయట ఉన్నంతసేపూ రెండు మిషన్లలో ఏదీ రెండో బంతిని ఇవ్వదు. అందుకే ఎదురెదురు బళ్ళు ఒకే సెక్షన్‌లోకి రాలేవు. స్టేషన్ల మధ్య గంట కొట్టి పంపే కోడ్లు, బండికి దారి ఇచ్చినట్టు రాసే లైన్ క్లియర్ రిజిస్టర్, అన్నీ ఆ బంతి చుట్టూనే నడిచేవి.

ఆగని బండికి బంతిని అందించడం పాయింట్స్‌మన్ పని. తోలు సంచిలో బంతి పెట్టి, సంచిని బెత్తం రింగుకు కట్టి, ప్లాట్‌ఫాం చివర రింగు పైకెత్తి నిలబడాలి. ఇంజన్ మీది మనిషి పోతూ పోతూ మోచెయ్యి అందులోకి దూర్చి లాక్కుంటాడు. వెనకటి సెక్షన్ రింగును కిందకు విసురుతాడు. రాత్రిపూట అయితే దీపం వెలుగులో ఇదంతా.

"చెయ్యి ఇట్టా పెట్టాల" అని పెద్దయ్య మంచం మీంచి లేచి నిలబడి చూపించాడు. "గట్టిగా పట్టుకున్నావంటే భుజం ఊడొస్తది. ఒదులుగా పట్టుకుంటే రింగు పడిపోతది, బండి ఆగుద్ది, నీకు ఛార్జిషీట్ వస్తది. పట్టుకునీ పట్టుకోనట్టు పట్టుకోవాల నాయనా."

ఆయన చెయ్యి ఎత్తిన ఎత్తును కొలవనిమ్మని అడిగాను. నవ్వి ఒప్పుకున్నాడు. నేలనుంచి 6 అడుగుల 2 అంగుళాలు. షీటు మీద ప్లాట్‌ఫాం పడమటి చివర ఒక మనిషి బొమ్మ వేసి ఆ ఎత్తు గుర్తిస్తాను.

స్టేషన్ ఊరికి ఎందుకు దూరం అని అడిగితే, "నీళ్ళ కోసం" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. తరువాత దగ్గొచ్చి పడుకున్నాడు. ఇంకోసారి రావాలి.

డిసెంబర్ 1

నిన్నటినుంచి ముసురు. కట్ట మీద కాలు దిగబడుతుంది, పోలేదు. ఇన్నాళ్ళూ పోగేసిన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ఈ లైన్ ఎందుకు వచ్చిందో తెలిస్తే కానీ స్టేషన్ సంగతి తెలియదు. 1876–78 మధ్య వచ్చిన కరువును మా వైపు ధాత కరువు అంటారు, అది మొదలైంది ధాత నామ సంవత్సరంలో కాబట్టి. అప్పుడు మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతమంతా కర్నూలు జిల్లాలో ఉంది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం కనపడరు. ఆ అంకె చదివాక నేను కాసేపు పుస్తకం మూసేశాను. మా ఇంటిపేరువాళ్ళు ఆ మిగిలిన మూడు వంతుల్లో ఉన్నారు కాబట్టి నేనున్నాను.

కరువు పనుల్లో పనిచేసేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన కూలి గురించి కూడా అప్పట్లో పెద్ద గొడవే నడిచింది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877లో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. రోజంతా రాళ్ళు కొట్టే మనిషికి. ధాన్యం ఉన్న చోటునుంచి లేని చోటుకు చేరవేయడం ఇంకో కష్టం. మేత, నీళ్ళు లేక ఎడ్లు చచ్చిపోతే బండ్లు ఎవరు లాగుతారు? కరువు తరువాత వేసిన కమిషన్ 1880లో తన రిపోర్టు ఇచ్చింది. కరువు ప్రాంతాలకు రక్షణగా రైలు లైన్లు వేయాలని చెప్పింది. బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే అలా పుట్టింది. గుంతకల్లు దగ్గరనుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి, కంభం, మార్కాపురం, గుంటూరు వైపు కృష్ణ ఒడ్డుకు. 1880లలో కట్టారు, సదరన్ మరాఠా రైల్వే కంపెనీ నడిపింది. అటు పడమర మార్మగోవా రేవుదాకా అదే గేజ్.

కంపెనీ పేర్లు తరువాత మారుతూ పోయాయి. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా అయింది, 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వే. ఆ తరువాత సౌత్ సెంట్రల్‌లో గుంటూరు డివిజన్. మా పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ "ఎమ్మెస్సెమ్ కంపెనీ" అనే అంటారు.

పాత రికార్డులు వెతికేవాళ్ళకు ఒక మాట. ప్రకాశం అని వెతికితే ఏమీ దొరకదు. ఈ జిల్లా పుట్టిందే 1970లో, ఒంగోలు జిల్లా అనే పేరుతో. 1972లో ప్రకాశం అయింది. పడమటి తాలూకాలకు కర్నూలు అనీ, కనిగిరి, పొదిలి, దర్శి వైపుకు నెల్లూరు అనీ వెతకాలి. నేను ఈ సంగతి గమనించక రెండు వారాలు పోగొట్టుకున్నాను.

టైం సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. 1906కు ముందు రైల్వే గడియారాలు మద్రాసు టైం ప్రకారం నడిచేవి. మన ఇప్పటి టైం కన్నా అది దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక. ఆ కాలపు టైంటేబుల్ దొరికితే ఆ తొమ్మిది నిమిషాలు కలుపుకోవాలి.

డిసెంబర్ 8

స్టేషన్ వెనక కంచె స్తంభాలన్నీ పాత పట్టా ముక్కలే. ఒకటి నేలకొరిగి ఉంది. దాని పొట్ట మీద అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతున్నాయి. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, పెన్సిల్ అడ్డంగా పట్టి రుద్దాం. చిన్నప్పుడు కాగితం కింద నాణెం పెట్టి రుద్దినట్టు. మూడు అక్షరాలు, రెండు అంకెలు వచ్చాయి. మిగతాదంతా తుప్పు తినేసింది. చదవగలిగినంతే రాసి, రుద్దిన కాగితాలను తేదీతో సహా ఫైల్లో పెట్టాను.

పట్టా ఎత్తు కాలిపర్‌తో 104 మిల్లీమీటర్లు. కింది భాగం వెడల్పు దాదాపు 100. తెగిన ముక్క ఒకటి సరిగ్గా 60 సెంటీమీటర్లుంటే చిల్లరకొట్టు కాటా మీద పెట్టాం. 14.6 కిలోలు. గజానికి 50 పౌన్ల పట్టా అయితే ఆ పొడవుకు 14.9 రావాలి. ఆ మూడు వందల గ్రాములు గాల్లో కలిసిపోయిన తుప్పు. కాబట్టి ఇవి 50 పౌన్ల పట్టాలు. తూకం అయ్యాక ముక్కను మళ్ళీ దాని చోట పెట్టొచ్చాం.

డిసెంబర్ 22

కొత్త లైన్ పాత స్టేషన్‌ను ఎందుకు వదిలేసిందో ఇవాళ దారంతో తేలింది.

స్టేషన్‌కు తూర్పున కట్ట వంపు తిరుగుతుంది. ఎంత వంపో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వంపు అంచున రెండు చోట్ల మేకులు కొట్టి నైలాన్ దారం బిగించి, సరిగ్గా మధ్యలో దారానికీ అంచుకూ ఎంత ఎడం ఉందో కొలవాలి. దారం పొడవును దానితోనే హెచ్చించి, ఎడానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వ్యాసార్థం వస్తుంది. పట్టాలుంటే 20 మీటర్ల దారం చాలు. ఇక్కడ పాత కంకర అంచే ఆధారం, అది అంత నిక్కచ్చిగా ఉండదు. అందుకని 40 మీటర్లు వేశాం. స్లీపర్లు కూర్చున్న గుంటలు కంకరలో ఇంకా తెలుస్తున్నాయి, వాటి చివర్లను పట్టుకుని అంచు గుర్తుపెట్టాం. ఐదు చోట్ల కొలిస్తే 54నుంచి 60 సెంటీమీటర్ల మధ్య వచ్చింది. సగటు 57. అంటే వ్యాసార్థం 350 మీటర్లు. రైల్వే లెక్కలో 1750ని దానితో భాగిస్తారు, అది 5 డిగ్రీల వంపు.

మీటర్‌గేజ్‌లో పట్టాల మధ్య వెడల్పు 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజ్‌లో 1676. చిన్న గేజ్ బండి నిదానంగా ఈ వంపు తిరిగి స్టేషన్‌లోకి వచ్చేది. పెద్ద బండి వేగంగా పోవాలంటే ఇంత గట్టి వంపు పనికిరాదు. 1992లో లైన్లను ఒకే గేజ్‌కు మార్చే యూనిగేజ్ కార్యక్రమం మొదలై ఈ లైన్ వంతు వచ్చినప్పుడు వంపును సాగదీశారు. సాగదీసిన గీత మా స్టేషన్‌ను దాటి అవతలనుంచి పోయింది. గేజ్ మారే చోటల్లా సరుకు దించి మళ్ళీ ఎక్కించే బాధ తప్పింది, ఆ మేలు నిజమైనదే. మార్కాపురం పలకలు, నల్లమల వెదురు నేరుగా వెళ్ళగలిగాయి. మా ఊళ్ళో ఆగిపోయింది మాత్రం మళ్ళీ రాలేదు. స్టేషన్ మూతపడ్డాక గిద్దలూరు కాలేజీకి పోయే ఆడపిల్లలు మా ఊళ్ళో సగానికి తగ్గారని మా అమ్మ చెబుతుంది. బస్సు లేదు, రైలు పోయింది.

2025 జనవరి 5

కాంట్రాక్టర్‌ను అడిగి ఎత్తుపల్లాలు చూసే ఆటో లెవెల్, దానితో వాడే కొలబద్ద తెచ్చాను. పాత కట్ట మీద 30 మీటర్లకొక రీడింగ్.

ప్లాట్‌ఫాం ఉన్న 300 మీటర్ల మేర కట్ట ఎత్తు తగ్గింది 38 సెంటీమీటర్లే. అంటే దాదాపు 790కి 1, 790 మీటర్లకు ఒక మీటరు వాలు. స్టేషన్ యార్డులో వాలు 400కి 1 కన్నా ఎక్కువ ఉండకూడదనేది రూలు, లేకపోతే నిలబెట్టిన వ్యాగన్లు వాటంతటవే దొర్లుతాయి. అదే పడమటి వైపు, ప్లాట్‌ఫాం దాటాక ఇంకో 300 మీటర్లలో కట్ట 2.6 మీటర్లు ఎక్కింది. 115కి 1. ఊరి వైపు కూడా లెవెల్ తీశాను. ఊరి పక్కన కట్ట మొత్తం ఎక్కుడే, రెండు బళ్ళు దాటుకోవడానికి లూప్ వేసేంత సమతలం ఎక్కడా లేదు.

జవాబులో సగం వచ్చింది.

జనవరి 15, కనుమ

పండక్కి అందరూ వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళను ఆటోల్లో స్టేషన్ దగ్గరకు తీసుకుపోయాం. డెబ్భై దాటినవాళ్ళే ఏడుగురు. నేను రికార్డర్ పట్టుకుని వెనక నడిచాను. వాళ్ళు బిల్డింగ్ వైపు చూడనేలేదు. తిన్నగా బావి దగ్గరకు పోయారు.

బిల్డింగ్ కొలతలకే రెండు నెలలు పెట్టాను. బావిని ప్లాన్‌లో ఒక సున్నా చుట్టి వదిలేశాను. ఆ పొరపాటు అక్కడే తెలిసింది.

మా ఊరి నీళ్ళు ఉప్పు. ఫ్లోరైడ్ సంగతి తరువాత తెలిసింది కానీ, పళ్ళు గారపట్టడం, మోకాళ్ళు వంగకపోవడం ఎప్పటినుంచో ఉంది. స్టేషన్ బావి నీళ్ళు తియ్యన. అది ఇంజన్ల కోసం తవ్విన బావి. స్టేషన్ మాస్టర్ మంచివాడైతే ఊరివాళ్ళను పొద్దున గంట, సాయంత్రం గంట చేదుకోనిచ్చేవాడు. ఆ గంటల కోసం రెండు కిలోమీటర్లు బిందెలతో నడిచేవాళ్ళు.

"పాసింజరు వచ్చే ముందు పోవాల" అని మా పెద్దమ్మ వరసామె చెప్పింది. "బండి వచ్చిందంటే పంపు ఏస్తారు, బావిలో నీళ్ళు కిందకి పోతయ్. తాడు చాలదు. ఇంజను తాగినాక మనం."

ఇంకో అవ్వ ఇంకో సంగతి చెప్పింది. కాన్పు దగ్గరపడ్డ కోడలికి ఇంట్లో స్టేషన్ నీళ్ళే పోసేవాళ్ళట. ఉప్పునీళ్ళు తాగితే పాలు పడవని నమ్మకం. ఆమె మొదటి కాన్పు నెలంతా వాళ్ళాయన రోజూ రెండు బిందెలు కావడితో మోశాడట. ఆ మాట చెప్పి బావి గట్టు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. ఎవరం మాట్లాడలేదు. రికార్డర్‌లో ఆ చోట గాలి చప్పుడు, దూరంగా కొత్త లైన్ మీద గూడ్సు పోతున్న చప్పుడు మాత్రమే ఉన్నాయి. దాన్ని కత్తిరించకుండా అలాగే ఉంచుతున్నాను.

జనవరి 26

ఇవాళ మొత్తం బావే. లోపలికి దిగలేదు, దిగకూడదు కూడా. పాత బావుల్లో గాలి మంచిది కాదు. తాపీ మేస్త్రి గుండుకు టేపు కట్టి వదిలాం.

అడ్డంగా లోపలి కొలత 6 మీటర్లు, అంటే 20 అడుగులు. గట్టునుంచి బావి అడుగుభాగందాకా 14.3 మీటర్లు. ఇవాళ నీళ్ళు 4 మీటర్లున్నాయి. లెక్క కడితే లక్షా పదమూడు వేల లీటర్లు. మీటర్‌గేజ్ మీద చివరి రోజుల్లో నడిచిన వైపీ రకం ఆవిరి ఇంజన్ టెండర్‌లో (వెనక నీళ్ళు, బొగ్గు మోసే పెట్టెలో) దాదాపు 3,000 గ్యాలన్లు, అంటే 13,600 లీటర్లు పడతాయి. ముప్పై ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోని ఈ బావి ఇవాళ కూడా ఎనిమిది ఇంజన్లకు నీళ్ళు పెట్టగలదు.

బకెట్ వేసి నీళ్ళు తీసి, కరిగిన లవణాలు ఎన్నో చెప్పే టీడీఎస్ మీటర్ పెట్టాం. 460. ఊళ్ళో బోరు నీళ్ళకు అదే మీటర్ 1,850 చూపించింది. టీడీఎస్ ఒక్కటే చాలదని తెలుసు, ఫ్లోరైడ్ విడిగా చూడాలి. రెండు సీసాల్లో నీళ్ళు పట్టి ల్యాబ్‌కు ఇవ్వడానికి పెట్టాను.

పక్కనే నాలుగు రాతి స్తంభాలున్నాయి, పైన ట్యాంకు లేదు. పంపు గది గోడలు రొమ్మెత్తు మిగిలాయి. వాగు బావికి 60 మీటర్ల దూరంలో ఉంది. వాగు ఇసుకలోంచి ఊరే నీళ్ళే బావిలోకి వస్తున్నాయి. లెవెల్ కూడా వేసి చూశాను, వాగు అడుగుభాగం ఎత్తూ బావిలో నీటి మట్టం ఎత్తూ దాదాపు ఒకటే.

అటునుంచి వచ్చే ఇంజన్‌కు నల్లమల కొండదారి దిగాక, ఇటునుంచి పోయే ఇంజన్‌కు ఎక్కేముందు నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు వాగు పక్కన ఉన్నాయి, సమతలం కూడా అక్కడే ఉంది. జేజీ, స్టేషన్ ఊరికి ఎందుకు దూరమంటే, ముందు ఇంజన్ దాహం చూసుకున్నారు. నువ్వు నడిచిన రెండు కిలోమీటర్లు ఆ లెక్కలో లేవు.

ఫిబ్రవరి 9

చిన్న పనులు. మా మేనత్త ఇనప్పెట్టెలో ఒక అట్ట టికెట్ దొరికింది. రెండంగుళాలకు కాస్త ఎక్కువ పొడవు, గోధుమరంగు, అంచున తేదీ గుద్దిన గుర్తు. ఊరి పేరు సగం చెరిగింది. స్కాన్ చేసి తిరిగి ఇచ్చేశాను. ఆమె దాన్ని పెళ్ళిచీర మడతలో పెట్టుకుంది.

బావిని, పంపు గదిని రెండో లైన్ పనుల్లో పూడ్చకుండా వదలమని, కొలతలు జతచేసి సంబంధిత ఆఫీసుకు ఉత్తరం రాశాను. రిజిస్టర్డ్ పోస్టు. సర్పంచ్ కూడా సంతకం పెట్టాడు.

ఫిబ్రవరి 23

షీటు పూర్తయింది. ఏ1 సైజు, రెండు వందలకు ఒకటి స్కేల్. బిల్డింగ్, ప్లాట్‌ఫాం, గూడ్స్ సైడింగ్ కట్ట, బావి, ట్యాంకు స్తంభాలు, పడమటి చివర చెయ్యెత్తిన మనిషి. ఆడవాళ్ళు నడిచిన కాలిబాటను చుక్కల గీతతో వేసి "నీళ్ళ దారి" అని రాశాను. అంత పొడవు షీటులో పట్టదు, అంచుదాకా గీసి ఊరి వైపు బాణం పెట్టాను.

పెద్దయ్య మంచం మీద పరిచాం. కళ్ళద్దాలు తుడుచుకుని వేలితో ఒక్కొక్కటీ తడుముతూ చూశాడు. టికెట్ కిటికీ దగ్గర ఆగాడు. టోకెన్ మిషన్ ఉన్న మూల సరిగ్గా లేదని, గోడకు ఇటువైపు ఉండాలని దిద్దాడు. చెయ్యెత్తిన మనిషిని చూసి ఏమీ అనలేదు కానీ ఆయన గడ్డం వణికింది.

చివరకు బావి దగ్గర వేలు పెట్టి, "తొట్టి ఏదీ?" అన్నాడు.

"ఏ తొట్టి పెద్దయ్యా?"

"ఎద్దుల తొట్టి. బావికి ఉత్తరం పక్క. వెదురు బండ్లు, పలకల బండ్లు తెల్లారి రెండు గంటలకే వచ్చి నిలబడేయి. ఎడ్లు యాడ తాగుతయ్? ట్యాంకు పొర్లితే నీళ్ళు అందులోకే పొయ్యేయి. పొర్లకపోతే నేనే పోసేవాణ్ణి."

బావికి ఉత్తరాన మేం కొట్టని తుమ్మ దట్టంగా ఉంది. అక్కడ ఏమీ ఉండదనుకుని వదిలేశాం.

మార్చి 2

ఆరుగురం పోయాం. ఎండ ముదరకముందే తుమ్మ కొట్టి, వేళ్ళు పెళ్ళగించి, పారలతో మట్టి లాగాం. అడుగున్నర లోతులో పార రాతికి తగిలింది. అక్కడినుంచి చేతులతో, కొబ్బరిపీచుతో తీశాం.

తొట్టి ఉంది. ఒకే వరసలో నిలబెట్టిన పలకరాతి బండలు, అడుగున ఒక బండ, సందుల్లో సున్నం ఇంకా గట్టిగా ఉంది. ట్యాంకు వైపు అంచున పొర్లు నీళ్ళు పడే చోట రాయి గిన్నెలా అరిగింది. ఎడ్లు మెడలు ఆనించిన వైపు అంచు పొడవునా నున్నబడింది, టికెట్ కిటికీ గడప లాగే. ఆ అరుగుడును కూడా గ్రాఫ్ మీద ఎక్కించాను.

కరువులో ఎడ్లు చచ్చి బండ్లు ఆగిపోయాయని డిసెంబర్‌లో రాసుకున్న మాట గుర్తొచ్చింది. మా తమ్ముడు ఏమీ చెప్పకుండానే రెండు బకెట్లు బావిలోంచి చేది తొట్టిలో పోశాడు. కారుతుందేమోనని చూశాం. గంట తరువాత కూడా నీళ్ళు అక్కడే ఉన్నాయి. వాగు వైపు మేస్తున్న మేకలు నాలుగు వచ్చి తాగాయి.

సాయంత్రం పెద్దయ్యకు ఫోన్‌లో వీడియో చూపించి, షీటు మీద తొట్టి గీశాను. పొడవు 3.66 మీటర్లు, 12 అడుగులు. వెడల్పు 2 అడుగులు. లోతు అడుగున్నర.